చూసుకునేవారిని చూసుకునేదెవరు?



కొద్దికాలం క్రితం, పాయకరావుపేటలో మా వీధి చివరనున్న ఒక ఇంటి నుండి పిలుపు వస్తే వెళ్ళాను. ఆ ఇంటి పెద్దాయనకు పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది. కుడి కాలు, కుడి చేయి స్వాధీనంలో లేవు. మాట కూడా పోయింది. పక్కకు ఒత్తిగిలించి వీపు పరీక్షించాను. ఒక్క పుండు లేదు. మూడేళ్ళు మంచానికి పరిమితమైన మనిషి వీపు అంత శుభ్రంగా ఉన్నదంటే, రాత్రింబగళ్ళు ఎవరో మేలుకొని ఆయనను ఇటు నుండి అటు తిప్పుతున్నారని అర్థం. రక్తపీడనం 130/80. ఆయన వయస్సుకు అంతకంటే ఏమి కావాలి?

లేవబోతూ ఆయన భార్య ముఖం చూశాను. కళ్ళ కింద ఉబ్బు, నడకలో తూలు. "మీది కూడా చూస్తానమ్మా, చేయి చాపండి" అన్నాను. "నాకేం బాబూ, నేను బాగానే ఉన్నాను. ఆయన్ని చూడండి, చాలు" అన్నారామె. పట్టుబట్టి చూస్తే 190/110. రెండేళ్ళ క్రితమే మాత్రలు మానేశారట. కారణమడిగితే ఆమె చెప్పిన మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. "మందులకు మా తమ్ముడి కొడుకు తుని వెళ్ళొస్తాడు బాబూ. వాడి చేతిలో రెండు చీటీలెందుకని నాది ఇవ్వడం మానేశాను."

ఆ మూడేళ్ళలో ఆ ఇంటి గుమ్మం ఎందరో తొక్కారు. వైద్యులు వెళ్ళారు, ఆరోగ్య కార్యకర్తలు వెళ్ళారు, ప్రతి నెలా పింఛను తెచ్చేవారు వెళ్ళారు. నేనూ అంతకుముందు రెండుసార్లు వెళ్ళాను. మాలో ఒక్కరమూ ఆమె చేతికి పట్టీ చుట్టలేదు. మేమందరమూ రోగిని చూడడానికి వెళ్ళాము, చూసి వచ్చాము. ఆమె ఆ గదిలో మంచినీళ్ళ గ్లాసు అందించే మనిషిగా మాత్రమే మాకు కనిపించింది.

ఈ వ్యాసం అటువంటివారి గురించి. మధుమేహం గురించి, రక్తపీడనం గురించి ఇదివరలో రాసినప్పుడు రోగిని ఉద్దేశించి రాశాను. ఈసారి రోగి మంచం పక్కన కూర్చున్న మిమ్మల్ని ఉద్దేశించి రాస్తున్నాను.

లెక్కకు రాని పని

ఆసుపత్రిలో వీరికి మనమిచ్చిన పేరు అటెండెంటు. ఇంటికి వచ్చాక ఆ పేరు కూడా ఉండదు. "ఎవరు చూసుకుంటున్నారు?" అని నేను అడిగినప్పుడల్లా తరచుగా వినిపించే జవాబు "ఎవరూ లేరండీ, నేనే" అని. తనను తాను ఎవరూ కానట్లుగా చెప్పుకొనే ఆ మనిషి రోజుకు పది, పన్నెండు గంటలు పని చేస్తూ ఉంటుంది. స్నానం చేయించడం, తినిపించడం, మలమూత్రాలు ఎత్తడం, మందులు వేళకు ఇవ్వడం, రాత్రి మూలిగితే లేవడం, ఆసుపత్రికి తిరగడం, అప్పు పుట్టించడం, వచ్చిన చుట్టాలకు జబ్బు చరిత్ర మొదటి నుండి చెప్పడం, ఇవన్నీ ఆ పనిలోనివే. ఈ వ్యాసంలో వారిని సంరక్షకులు అంటాను.

వీరిలో ఎక్కువమంది స్త్రీలు. ఇది నా అభిప్రాయం కాదు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం 15 నుండి 59 ఏళ్ళ వయస్సు గల స్త్రీలలో 41 శాతం ఇంటిలోనివారి సంరక్షణలో పాల్గొంటున్నారు. పురుషులలో అది 21.4 శాతం. పాల్గొన్న స్త్రీలు రోజుకు దాదాపు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. ఇందులో పసిపిల్లల పెంపకం కూడా కలిసి ఉన్నది. వంట, అంట్లు, బట్టలు మొదలైన ఇంటి చాకిరీ లెక్క వేరు. 2011 జనాభా లెక్కలలో మంచం పట్టిన అత్తగారికి పగలంతా సేవ చేసే కోడలు "పని చేయనివారి" జాబితాలో, ఇంటి పనులు అన్న గడిలో చేరిపోయింది.

ఈ పనికి విలువ కట్టడం అసాధ్యమేమీ కాదు. రోడ్డు ప్రమాదంలో మరణించిన ఒక గృహిణికి చెల్లించవలసిన పరిహారంపై 2021 జనవరి 5న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారైన జస్టిస్ నూతలపాటి వెంకటరమణ ప్రత్యేకంగా తమ అభిప్రాయం రాస్తూ, గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టడం ఆ శ్రమను గుర్తించడమేనని వివరించారు. అయితే ఆ గుర్తింపు ఆమె మరణించిన తరువాత, నష్టపరిహారం లెక్కలో వచ్చింది. బతికి ఉండగా ఆ లెక్క ఎవరు వేయాలి?

బంగారుతల్లి అన్న బిరుదు

సంరక్షకులందరూ పెద్దవారే అని అనుకోకండి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో సముద్రపు ఒడ్డునున్న ఒక పల్లె నుండి ఒక తల్లి, కూతురు నా దగ్గరకు వచ్చేవారు. తల్లికి మధుమేహం ముదిరి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. తండ్రి వేటకు పోతే ఎప్పుడు తీరం చేరతాడో తెలియదు. కూతురు తొమ్మిదో తరగతి. ఇన్సులిన్ ఎన్ని యూనిట్లో, ఎప్పుడు తగ్గించాలో, తల్లి రోజుకు ఎన్ని నీళ్ళు తాగవచ్చో ఆ పిల్ల తడుముకోకుండా చెప్పేది. తరువాత తమ్ముడికి అన్నం పెట్టి బడికి పంపేది.

"బడికి వెళుతున్నావా అమ్మా?" అని ఒకసారి అడిగాను. "వెళతానండి, డయాలసిస్ లేని రోజుల్లో" అన్నది. ఆ జవాబులో ఉన్నదేమిటో ఆనాడు నేను పట్టించుకోలేదు. అందరితో పాటు నేనూ ఆ పిల్లను "బంగారుతల్లి" అని మెచ్చుకొని, మందుల చీటీ రాసి పంపేశాను. మరుసటి సంవత్సరం ఆ పిల్ల పదో తరగతి పరీక్షలు రాయలేదని తెలిసింది. అప్పటికి బడికి పోవడం మానేసి చాలా నెలలైంది. నేను ఆ బడి ప్రధానోపాధ్యాయుడికి నాలుగు వాక్యాల ఉత్తరం రాసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. రాయలేదన్నది మాత్రం చెప్పగలను.

మన బడులలో పిల్లవాడు రాకపోతే హాజరు పట్టీలో ఒక గుర్తు పడుతుంది. కారణానికి గడి ఉండదు. అమ్మ ఒడి పథకానికి 75 శాతం హాజరు ఉండాలన్న నిబంధన పెట్టారు. పిల్లలను బడికి రప్పించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ తల్లి జబ్బు వల్ల బడికి రాలేని పిల్లను అటువంటి నిబంధన ఎలా తాకుతుందో ఆలోచించండి. జబ్బు చేసిన ఇంటికే సాయం ఆగిపోతుంది.

ఇతర దేశాలు ఈ పిల్లలను చూడడం మొదలుపెట్టాయి. ఇంగ్లండులో 2014లో వచ్చిన చట్టం ప్రకారం, ఇంట్లో రోగిని చూసుకుంటున్న బాలబాలికల అవసరాలను స్థానిక ప్రభుత్వం అంచనా వేసి తీరాలి. పెద్దలైన సంరక్షకులకు అదే సంవత్సరం మరొక చట్టం అదే హక్కునిచ్చింది. అక్కడ 2021 జనాభా లెక్కలలో ఈ విషయమై ఒక ప్రశ్న అడిగితే ఇంగ్లండు, వేల్సులలో దాదాపు 50 లక్షల మంది జీతం లేని సంరక్షకులు ఉన్నట్లు తేలింది. ఆ లెక్క ఐదేళ్ళ వయస్సు నుండి మొదలవుతుంది. జపానులో మాధ్యమిక పాఠశాల రెండో సంవత్సరం విద్యార్థులను అడిగితే 17 మందిలో ఒకరు తమ ఇంట్లో ఎవరినో చూసుకుంటున్నామన్నారు. 2024లో ఆ దేశం అటువంటి పిల్లలకు సాయమందించే బాధ్యతను చట్టంలో చేర్చింది. మన దగ్గర అటువంటి పిల్లలు తక్కువని నేను నమ్మను. మనం అడగలేదు, అంతే.

మా ఇంటి సంగతి

ఇతరుల ఇళ్ళ గురించి ఇంత చెప్పి మా ఇంటి సంగతి దాచడం న్యాయం కాదు. మా అమ్మకు 74వ ఏట మతిమరపు వ్యాధి మొదలైంది. ఆ తరువాత తొమ్మిదేళ్ళు బతికింది. చివరి నాలుగేళ్ళు ఆమెకు పగలు, రాత్రి తేడా తెలియలేదు. అర్ధరాత్రి లేచి మా తాతగారి ఇంటికి వెళతానని తలుపు తీయబోయేది. వైద్యుడిగా ఆ వ్యాధి గురించి నాకు తెలియనిది లేదు. ఏ మందు ఎంత మోతాదులో ఇవ్వాలో నేనే చెప్పేవాడిని. కానీ తలుపు దగ్గర పడుకున్నది మా ఆవిడ. తడిసిన పక్కబట్టలు మార్చినది మా ఆవిడ. అమ్మ కొట్టిన దెబ్బలు తిన్నదీ మా ఆవిడే.

"మా అమ్మను మేము ఇంట్లోనే ఉంచి చూసుకున్నాము" అని నేను నలుగురిలో గర్వంగా చెప్పుకొనేవాడిని. ఆ "మేము"లో నా వాటా ఎంతో మా ఆవిడ ఒక్కసారి కూడా ఎత్తి చూపలేదు. అమ్మ పోయిన ఆరు నెలలకు ఆమెకు నిద్ర పూర్తిగా పట్టడం మానేసింది. పరీక్ష చేయిస్తే తీవ్రమైన కుంగుబాటు అన్నారు. ఒకే కప్పు కింద ఉన్న వైద్యుడికి తొమ్మిదేళ్ళు అది కనబడలేదు.

మన దేశంలో 60 ఏళ్ళు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, మతిమరపు వ్యాధి ఉన్నదని 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వారిలో ప్రతి ఒక్కరి వెనుక కనీసం ఒక మనిషి ఉంటారు. ఆ రెండో మనిషి ఆరోగ్యం ఏ అధ్యయనంలోనూ తేలికగా కనిపించదు.

సంరక్షకుల శరీరానికి ఏమవుతుంది?

1999లో అమెరికా వైద్య సంఘ పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. 66 నుండి 96 ఏళ్ళ వయస్సు గల దంపతులను నాలుగేళ్ళ పాటు గమనించారు. జబ్బుపడిన జీవిత భాగస్వామిని చూసుకుంటూ ఆ భారంతో నలిగిపోతున్నామన్నవారిలో మరణాల రేటు, అటువంటి బాధ్యత లేనివారి కంటే 63 శాతం ఎక్కువగా తేలింది. ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. చూసుకుంటూనే, ఆ భారంతో నలగనివారిలో ఈ పెరుగుదల కనిపించలేదు. అంటే సేవ మనిషిని చంపదు. సాయం లేని సేవ, విరామం లేని సేవ కీడు చేస్తుంది. ఆ పరిశోధనలో నాకు ఆశ కలిగించే అంశం ఇదే. సేవను తప్పించలేకపోవచ్చు. భారాన్ని తగ్గించవచ్చు.

నిద్ర తెగిపోవడం, వేళకు తినకపోవడం, సొంత మందులు మానేయడం, బరువులెత్తి నడుము పట్టేయడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఇవన్నీ కలిసి రక్తపీడనాన్నీ మధుమేహాన్నీ అదుపు తప్పిస్తాయి. కుంగుబాటు పొడచూపుతుంది. తరువాత మనస్సును తినివేసేది మరొకటి ఉంది. "ఈయన పోతే నాకు విశ్రాంతి" అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చి పోతుంది. వెంటనే తనను తాను పాపాత్మురాలిగా భావించుకొని కుమిలిపోతారు. నలభై ఏళ్ళ వృత్తిలో ఈ మాటను గొంతు తగ్గించి నాతో చెప్పినవారు చాలామంది ఉన్నారు. మీకూ ఆ ఆలోచన వచ్చి ఉంటే, మీరు చెడ్డవారు కారు. అలసిపోయారు. అలసటకు చికిత్స ఉన్నది.

నేర్పితే సరిపోతుందా?

"కుటుంబ సభ్యులకు శిక్షణ ఇస్తే సమస్య తీరుతుంది" అనే వాదన వైద్యులలో తరచుగా వింటాను. నేనూ ఒకప్పుడు ఆ మాటే అనేవాడిని. మన దేశంలోని 14 ఆసుపత్రులలో 1,250 మంది పక్షవాత రోగులపై ఒక పెద్ద పరిశోధన జరిగింది. ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. సగం మంది రోగుల కుటుంబీకులకు ఆసుపత్రిలోనే వ్యాయామాలు, కదలికలు నేర్పి, ఇంట్లో కొనసాగించమన్నారు. మిగిలిన సగానికి మామూలు వైద్యమే. ఆరు నెలల తరువాత చూస్తే రెండు వర్గాలలోనూ దాదాపు 47 శాతం మంది మరణించడమో ఇతరులపై ఆధారపడి ఉండడమో జరిగింది. తేడా లేదు.

దీని నుండి శిక్షణ వృథా అని నేను అనడం లేదు. పడకపుండ్లు రాకుండా చూడడం, పొలమారకుండా తినిపించడం నేర్పితీరాలి. కానీ ఫిజియోథెరపిస్టు చేయవలసిన పనిని, నర్సు చేయవలసిన పనిని ఇంటి ఇల్లాలి మీదకు నెట్టి, దానికి శిక్షణ అని పేరు పెట్టి మనం చేతులు దులుపుకొంటే రోగికీ మేలు జరగదు, ఆమెకూ జరగదు. సంరక్షకులకు కావలసినది మరొక పని కాదు. వారితో పాటు పని పంచుకొనే మరొక జత చేతులు.

ఆ చేతులు ఎలా ఉంటాయో కేరళ చూపించింది. 1993లో కోళికోడులో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు నొప్పి నివారణ, పాలియేటివ్ సంరక్షణ సంఘం ప్రారంభించారు. అది తరువాతి కాలంలో ఇరుగుపొరుగు వారే శిక్షణ పొంది, వంతుల వారీగా మంచం పట్టినవారి ఇళ్ళకు వెళ్ళే ఉద్యమంగా విస్తరించింది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దీనికొక విధానం ప్రకటించి పంచాయతీలను భాగస్వాములను చేసింది. మంచం పట్టినవారిని చూసుకునేవారి పేరిటనే ఆశ్వాసకిరణం అనే పథకం కింద నెలకు 600 రూపాయలు కూడా కేటాయించింది. 600 రూపాయలు పెద్ద మొత్తం కాదు. కానీ ఆ కాగితం మీద రోగి పేరుతో పాటు చూసుకునే మనిషికీ ఒక పేరున్నది.

మన చట్టాలలో ఉన్నది, లేనిది

మన రాష్ట్రంలో 2024 జూలై నుండి పింఛన్లు పెరిగాయి. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయలు, డయాలసిస్ రోగులకు 10,000 రూపాయలు ఇంటి వద్దకే చేరుతున్నాయి. ఇది చిన్న సాయం కాదు. ఎన్నో ఇళ్ళలో మందులకు అప్పు చేసే పరిస్థితి దీనివల్ల తప్పింది. కానీ ఆ పింఛను రోగికి వచ్చే హక్కు. కూలి మానుకొని ఇంట్లో కూర్చున్న మనిషికి అందులో చోటు లేదు. రోగి కన్నుమూసిన నెల నుండి ఆ పింఛను ఆగిపోతుంది. పదేళ్ళు సేవ చేసి, పని అలవాటు తప్పి, ఆరోగ్యం చెడిపోయిన మనిషి ఆ రోజున వట్టిచేతులతో మిగులుతుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ మనిషిని గుర్తించింది. జీతం తీసుకొని గానీ తీసుకోకుండా గానీ సేవ చేసే తల్లిదండ్రులు, కుటుంబ సభ్యులు కూడా సంరక్షకులేనని ఆ చట్టం నిర్వచించింది. అధిక సహాయం అవసరమైన వికలాంగుల కోసం సంరక్షణ భత్యం ఏర్పాటు చేయడం ప్రభుత్వాలు రూపొందించవలసిన పథకాలలో ఒకటిగా 24వ సెక్షన్ పేర్కొన్నది. ఆర్థిక స్తోమతకు లోబడి అన్న మాట కూడా అందులోనే ఉన్నది. ఆ మాట చాటున చాలా కాలం గడిచిపోయింది.

దీని పక్కన 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టాన్ని పెట్టి చూడండి. పిల్లలు తల్లిదండ్రులను పోషించకపోతే ఆర్డీఓ అధ్యక్షతనున్న ట్రిబ్యునలుకు ఫిర్యాదు చేయవచ్చు. అది అవసరమైన చట్టమే. చూడనివారిని మందలించడానికి ట్రిబ్యునలు ఉన్నది. చూస్తున్నవారికి అండగా నిలిచే కార్యాలయం ఏది?

ప్రేమకు వెల కడతారా?

నేను ఈ మాటలంటే పెద్దలు కొందరు నొచ్చుకుంటారు. "అమ్మానాన్నలకు సేవ చేయడం ధర్మం. దానికి భత్యమేమిటి? ఇది మన సంస్కృతి కాదు" అంటారు. వారి మాటలో నిజం లేకపోలేదు. మా ఆవిడను అడిగితే తాను డబ్బు కోసం చేయలేదని చెబుతుంది. డబ్బు ఇచ్చినా తీసుకొని ఉండేది కాదు. కానీ నేను గమనించినదేమిటంటే, ధర్మమనే మాట అనేవారు ఒకరు, ఆ ధర్మాన్ని చేసేవారు మరొకరు. కొడుకు ధర్మాన్ని కోడలు నిర్వర్తిస్తుంది. అన్నదమ్ములు ముగ్గురుంటే పెళ్ళి కాని చెల్లెలు నిర్వర్తిస్తుంది.

ఇది మన దేశానికే పరిమితమైన అలవాటు కాదు. బ్రిటనులో 1976లో సంరక్షకులకు ఒక భత్యం మొదలుపెట్టి, వివాహిత స్త్రీలను దాని నుండి మినహాయించారు. పెళ్ళైన స్త్రీ ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది గదా అన్నది అప్పటి తర్కం. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానుకొన్న జాక్వెలిన్ డ్రేక్ అనే మహిళ న్యాయపోరాటం చేసి 1986లో ఐరోపా న్యాయస్థానంలో గెలిచింది. ఆ తరువాత అక్కడి కుటుంబాలలో ప్రేమ తగ్గిపోయిందని ఎవరూ అనలేదు. భత్యం ప్రేమకు వెల కాదు. కోల్పోయిన కూలికి, ఆగిపోయిన చదువుకు, చెడిన ఆరోగ్యానికి సమాజం చెల్లించే కొంత బాకీ.

"ప్రభుత్వం దగ్గర అంత డబ్బెక్కడిది?" అన్నది రెండో అభ్యంతరం. న్యాయమైన ప్రశ్నే. అందుకే డబ్బు అక్కరలేని పనులతో మొదలుపెట్టమంటాను. మంచం పట్టిన రోగి ఇంటికి వెళ్ళిన ఆరోగ్య కార్యకర్త అదే సంచిలోని అదే పరికరంతో చూసుకునే మనిషి రక్తపీడనం కూడా చూడాలి. రోగి చీటీ మీద ఆ మనిషి పేరు, వయస్సు, మందులు కూడా రాయాలి. రోగికి నెల మందులిచ్చే చోటే ఆ మనిషి మందులూ ఇవ్వాలి. బడిలో పిల్ల తరచుగా రాకపోతే, ఇంట్లో ఎవరికైనా జబ్బా అని ఉపాధ్యాయుడు ఒక్క ప్రశ్న అడగాలి, అవునంటే హాజరు నిబంధన సడలించాలి, పాఠాలు ఇంటికి పంపాలి. వీటికి కొత్త భవనాలు, కొత్త నియామకాలు అక్కరలేదు. ఆ తరువాత ప్రతి మండలానికి కనీసం కొన్ని పడకలు, నెలకు రెండు రోజులు రోగిని అప్పగించి ఇంటివారు విశ్రాంతి తీసుకొనేందుకు, ఏర్పాటు చేయమని అడగవచ్చు. దానికి ఖర్చవుతుంది. పక్షవాతం వచ్చిన భర్తను చూసుకుంటున్న భార్య కూడా పక్షవాతంతో పడిపోతే అయ్యే ఖర్చు అంతకంటే ఎక్కువ.

మీరు చూసుకుంటున్నవారైతే

మీతో కొన్ని మాటలు. మీ రక్తపీడనం, చక్కెర మూడు నెలలకొకసారి చూపించుకోండి. మీ మందుల చీటీని రోగి చీటీతో కలిపి ఒకే సంచిలో పెట్టండి. రోగిని ఒంటరిగా ఎత్తకండి. నడుము వంచి లాగడం కంటే, దుప్పటి కింద వేసి ఇద్దరు చెరొక వైపు పట్టుకొని జరపడం మేలు. రెండు గంటలకొకసారి పక్క మార్చాలన్నది పడకపుండ్లు రాకుండా మేము చెప్పే సూత్రం. రాత్రిపూట ఆ పని ఒక్కరే చేయవద్దు. ఇంట్లో వంతులు వేసుకోండి. పడుకోబెట్టి నీళ్ళు, జావ పోయకండి. కూర్చోబెట్టి కొద్దికొద్దిగా ఇవ్వండి. పొలమారిన నీళ్ళు ఊపిరితిత్తులలో చేరితే న్యుమోనియా వస్తుంది. మూత్రపు గొట్టం ఉంటే సంచి ఎప్పుడూ నడుము కంటే కిందనే ఉండాలి.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, చనిపోవాలనిపించినా ఆలస్యం చేయకండి. 14416 నంబరుకు ఫోను చేయండి. టెలి మానస్ అనే ఆ ప్రభుత్వ సేవ 2022 నుండి ఉచితంగా నడుస్తున్నది. తెలుగులో మాట్లాడవచ్చు. వృద్ధుల సమస్యలకు 14567, పిల్లల సమస్యలకు 1098 ఉన్నాయి. పుట్టుకతో మెదడు ఎదుగుదల లోపమున్న బిడ్డ, ఆటిజం గల బిడ్డ, సెరిబ్రల్ పాల్సీ గల బిడ్డ మీ ఇంట్లో ఉంటే, నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా పథకం గురించి విచారించండి. సంవత్సరానికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు అది ఉపకరిస్తుంది.

మీరు చూసుకుంటున్నవారు కాకపోతే

మీ చుట్టాలలో, మీ వీధిలో అటువంటి ఇల్లు ఒకటి తప్పక ఉంటుంది. పలకరించడానికి వెళ్ళేటప్పుడు పళ్ళు తీసుకొని వెళతాము. పళ్ళు మంచివే, కానీ రెండు గంటల సమయం అంతకంటే మంచిది. "వదినా, నేను ఇక్కడ కూర్చుంటాను, నువ్వు వెళ్ళి పడుకో" అని ఆ గది తలుపు దగ్గరగా వేయండి. మగవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. పక్కబట్టలు మార్చడం, పళ్ళెం ఎత్తడం నేర్చుకోండి. నేను మా అమ్మకు చేయలేకపోయిన పనులవి. ఇప్పుడు చేద్దామన్నా అవకాశం లేదు.

వ్యాసం మొదట్లో చెప్పిన ఆ అమ్మగారు ఇప్పుడు మాత్రలు వేసుకొంటున్నారు. కిందటి వారం చూస్తే 150/90. ఇంకా తగ్గవలసి ఉన్నది. ఆమె తమ్ముడి కొడుకు ఇప్పుడు రెండు చీటీలు పట్టుకొని తాండవ వంతెన దాటి తుని వెళుతున్నాడు. అతనికి అది బరువేమీ కాలేదట. నన్ను ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు అన్నాడు.